తెలంగాణ చూడాలంటే ముందు రోడ్డు ఎంచుకోండి, తర్వాతే ఊళ్లు

"తెలంగాణలో తప్పక చూడాల్సిన ప్రదేశాలు" అని వెతికితే వచ్చే జాబితాల్లో చార్మినార్ పక్కనే కుంతాల, దాని కింద భద్రాచలం, దాని కింద అలంపూర్ వరసగా కనిపిస్తాయి. చదివినవాళ్లకు ఇవన్నీ మూడు నాలుగు రోజుల్లో అయిపోతాయనిపిస్తుంది. కుంతాల ఉన్నది ఉత్తరాన ఆదిలాబాద్ దగ్గర, అలంపూర్ దక్షిణాన కర్నూలు గడప మీద, భద్రాచలం ఈ రెండింటికీ సంబంధం లేకుండా తూర్పున గోదావరి ఒడ్డున. ఈ మూడింటినీ ఒకే ట్రిప్పులో కలిపారంటే మీరు చూసేది ఎక్కువగా కారు కిటికీనే.

అందుకని నేను ఎవరికైనా చెప్పేది ఒక్కటే, ఊళ్ల జాబితా పక్కన పెట్టి హైదరాబాద్ నుంచి బయటకు వెళ్లే రోడ్లలో ఒకదాన్ని ఎంచుకోండి. వరంగల్ రోడ్డు, ఆదిలాబాద్ వైపు నాగపూర్ హైవే, కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి, సాగర్ రోడ్డు, కర్నూలు వైపు బెంగళూరు హైవే, శ్రీశైలం రోడ్డు. ఒక ట్రిప్పుకి ఒక రోడ్డు. ఆ రోడ్డు మీద దారిలో ఏమేం తగులుతాయో అవి చూసుకుంటూ వెళ్లి, వీలుంటే వేరే దారిలో వెనక్కి రావడం. రెండు మూడు రోజుల సెలవుకి ఇది సరిగ్గా సరిపోతుంది, వారం ఉంటే రెండు రోడ్లు కలపొచ్చు.

రోడ్డు తర్వాత చూడాల్సింది కాలం. జలపాతాలు జూలై చివర్నుంచి అక్టోబర్ దాకా, ఆ తర్వాత వెళితే చాలాచోట్ల రాళ్లే కనిపిస్తాయి. కోటలకు నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటివారాల దాకా, ఎందుకంటే ఇక్కడి కోటలు చాలావరకు బండరాతి గుట్టల మీదివే, మార్చి దాటాక పదకొండు గంటలకే రాయి కాలిపోతుంటుంది. పులుల అభయారణ్యాల్లో వానాకాలం మూడు నెలలు, అంటే జూలై నుంచి సెప్టెంబర్ దాకా, మామూలుగా సఫారీ ఆపేస్తారు. కాబట్టి "అడవి, జలపాతం రెండూ ఒకేసారి" అనే ప్లాన్ చాలాసార్లు కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలకు సెలవులని బయల్దేరేవాళ్లకు నా సలహా, పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగు తర్వాత, మధ్యలో రూములోనే ఉండండి. మొండికేస్తే వడదెబ్బ తప్పదు.

హైదరాబాద్: శుక్రవారం వద్దు

ఇక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది వారం విషయంలో. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం సెలవు, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం సెలవు, మక్కా మసీదులో శుక్రవారం మధ్యాహ్నం నమాజు ఉంటుంది కాబట్టి పాతబస్తీ రోడ్లన్నీ కిక్కిరిసిపోతాయి. జూపార్కుకేమో సోమవారం సెలవు. శుక్ర, శని, ఆదివారాలు చేతిలో ఉంటే శుక్రవారం గోల్కొండకి వెళ్లి, పాతబస్తీని శనివారానికి పెట్టుకోండి.

పాతబస్తీకి పొద్దున్నే వెళ్లాలి. ఎనిమిదింటికి చార్మినార్ ముందు నిలబడితే ఫొటోలో జనం కాకుండా కట్టడం పడుతుంది, పక్కనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వేడివేడిగా దొరుకుతాయి. చార్మినార్‌ని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. పైన మసీదు ఉంది కానీ సందర్శకులను మొదటి అంతస్తు వరకే ఎక్కనిస్తారు, మెట్లు ఇరుగ్గా గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బలవంతం చేయకండి. పైనుంచి నాలుగు వైపులా రోడ్లు చీలిపోయే తీరు చూస్తే ఈ ఊరిని నాలుగు దారుల కూడలి చుట్టూ ఎలా వేశారో తెలుస్తుంది. పక్కనే మక్కా మసీదు. దాని పని కుతుబ్ షాహీల కాలంలో మొదలై 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయింది, అంటే మొదలుపెట్టిన వంశం పోయాక, వాళ్లను ఓడించినవాడి చేతుల్లో పూర్తయిందన్నమాట.

అక్కణ్నుంచి నడిచే దూరంలోనే చౌమహల్లా ప్యాలెస్. దర్బారు హాల్లో షాండ్లియర్లు చూసి చాలామంది తిరిగొచ్చేస్తారు, వెనకవైపు నిజాముల పాత కార్లు కూడా ఉన్నాయి, పసుపు రంగు రోల్స్ రాయిస్ ఒక్కటి చాలు ఆ నడకకు. తర్వాత సాలార్‌జంగ్. ఇది పెద్ద మ్యూజియం, మొత్తం చూడాలని కూర్చుంటే రోజంతా పడుతుంది, కాబట్టి మేలిముసుగు రెబెక్కా విగ్రహం, పాలరాయిలో పల్చటి ముసుగు ఎలా చెక్కాడా అని నోరు తెరిచి చూసేది, అది చూసుకుని గంట కొట్టే టైముకి పది నిమిషాల ముందే పాత గడియారం దగ్గర చేరండి. చిన్న బొమ్మ బయటకొచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి ఎక్కువ దెబ్బలు కాబట్టి జనం కూడా అప్పుడే ఎక్కువ.

సాయంత్రం మళ్లీ చార్మినార్ వైపు వచ్చి లాడ్ బజార్‌లో లక్క గాజులు కొనుక్కోవచ్చు. బేరం ఆడకపోతే షాపువాడే మిమ్మల్ని అనుమానంగా చూస్తాడు. మెట్రోలో రావాలనుకుంటే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) స్టేషన్‌లో దిగి ఆటో తీసుకోండి. సొంత కారు మాత్రం పాతబస్తీలోకి తేకండి, పార్కింగ్ వెతకడానికే సగం రోజు పోతుంది. రంజాన్ నెలలో అయితే ప్లాన్ మొత్తం తిరగేయాలి, పగలు వదిలేసి రాత్రి తొమ్మిది తర్వాత రండి, హలీమ్, బజారు, లైట్లు అన్నీ అప్పుడే.

గోల్కొండకు ఒక పూట పూర్తిగా కేటాయించాలి. మధ్యాహ్నం మూడింటికి లోపలికి వెళితే ఎండ తగ్గేసరికి బాలా హిస్సార్ పైకి చేరతారు, మూడు వందలకు పైగా మెట్లు. ప్రవేశ ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపిస్తుందని గైడ్లు చేసి చూపిస్తారు, నిజంగానే వినిపిస్తుంది, అయితే మీతోపాటు ఇంకో యాభైమంది కొడుతుంటారు కాబట్టి ఏది ఎవరిదో తెలియదు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా పడని కోట చివరికి లోపలి మనిషి తలుపు తీయడంతో పడిపోయింది. ఎక్కే దారిలో రామదాసు బందిఖానా ఉంది, గోడ మీద ఆయన చెక్కుకున్నాడని చెప్పే రాముడు, హనుమంతుడి బొమ్మలు ఉంటాయి. భద్రాచలం వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ముందు దీన్ని చూసి వెళితే అక్కడి గుడి వేరేగా అర్థమవుతుంది. ఆషాఢంలో వస్తే బోనాలు మొదలయ్యేది ఈ కోటలోని జగదాంబ గుడి దగ్గరే. ఆ ఆదివారాల్లో కోట చూడటం కుదరదు, బోనాలు చూడటానికే వెళ్లాలి. దగ్గర్లోనే కుతుబ్ షాహీ సమాధులు, ఊళ్లో ఏడు గుమ్మటాలంటారు, అక్కడ పొద్దుటి ఎండలో ఫొటోలు బాగా వస్తాయి.

ట్యాంక్‌బండ్, బుద్ధుడు, బిర్లా మందిర్, 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఇవన్నీ ఒకే సాయంత్రంలో అయిపోతాయి. హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధుడిది ఒకే రాయి, నీళ్లలో మునిగిపోయిన విగ్రహాన్ని మళ్లీ పైకి తీసి 1992లో నిలబెట్టారు. రామోజీ ఫిల్మ్ సిటీకి మాత్రం పూర్తి రోజు పోతుంది, టికెట్ కూడా ఖరీదే, పిల్లలుంటే వెళ్లండి, లేకపోతే ఆ రోజుని భువనగిరికి ఇవ్వమంటాను.

వరంగల్ రోడ్డు

ఒక్క రోడ్డుకే టైముంటే ఇదే ఎంచుకోండి. ఇంకో ఆలోచన వద్దు.

ఉప్పల్ నుంచి బయల్దేరితే మొదట వచ్చేది భువనగిరి. ఒకే బండరాయి, దాని మీద కోట, పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే ఊరికి ఆ పేరు. పొద్దున ఏడింటికల్లా కింద ఉంటే ఎండ రాకముందే ఎక్కి దిగిపోవచ్చు. నున్నటి రాయి కాబట్టి చెప్పులు కాదు, పట్టు ఉన్న బూట్లు కావాలి. వాన పడ్డ రోజు ఎక్కకండి. దీనికి ముందే ఒక దారి పోచంపల్లికి తిరుగుతుంది. ఇక్కత్ చీరలు నేసే మగ్గాలు ఇంటింటా చూడొచ్చు, కొనేవాళ్లు సొసైటీ షాపులో ధర చూసుకుని తర్వాత నేతగాళ్ల ఇంట్లో కొంటే మోసపోరు. వినోబా భావే 1951లో భూదానోద్యమం మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడటంతో.

యాదగిరిగుట్ట గురించి ఒక మాట. నల్లరాతితో కొత్తగా కట్టిన గుడి 2022 మార్చి 28న తెరిచాక రద్దీ విపరీతంగా పెరిగింది. శని, ఆదివారాల్లో, కార్తీకంలో దర్శనానికి గంటలు పడుతుంది. మొక్కు ఉంటే సరే, గుడి కట్టడం చూడ్డానికే అయితే మంగళవారమో బుధవారమో పొద్దున పెట్టుకోండి. ఆలేరు దగ్గర లోపలికి తిరిగితే కొలనుపాక జైన మందిరం ఉంది, పచ్చరాతి మహావీరుడి విగ్రహం, గుట్ట మీద అంత జనం చూశాక ఇక్కడి ప్రశాంతత చాలా హాయిగా ఉంటుంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి పని చేసేవాళ్లు రోడ్డు పక్కనే ఉంటారు, ఆగి చూడటానికి అరగంట చాలు.

హన్మకొండ చేరాక వేయిస్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. పక్కన కల్యాణ మండపాన్ని విడదీసి మళ్లీ నిలబెట్టే పని ఏళ్ల తరబడి సాగి, 2024లో పూర్తయి జనానికి తెరుచుకుంది. అంతకుముందు వెళ్లి గుట్టలుగా పడున్న రాళ్లు మాత్రమే చూసొచ్చినవాళ్లు ఇంకోసారి వెళ్లాల్సిందే. వరంగల్ కోటలో ఇప్పుడు కోట అంటూ పెద్దగా మిగల్లేదు, 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఓరుగల్లు పడ్డాక స్వయంభూ దేవాలయం కూలి, దాని నాలుగు వైపులా ఉన్న కీర్తి తోరణాలు మాత్రం నిలబడ్డాయి. రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే. నేల మీద పరిచి పెట్టిన శిల్పాల మధ్య తొందరపడకుండా నడవండి, ఒక్కో స్తంభం ముక్కలో హంసలు, ఏనుగులు, నాట్యగత్తెలు ఉంటాయి. సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు. రాత్రికి హన్మకొండలోనే ఉండిపోండి, ఎందుకంటే రేపు రామప్ప.

రామప్ప గుడికి హన్మకొండ నుంచి ములుగు మీదుగా గంటన్నర. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, తెలుగు రాష్ట్రాల నుంచి అందులో చేరిన మొదటిది ఇదే. దేవుడి పేరు మీదో, కట్టించిన రాజు పేరు మీదో కాక శిల్పి పేరు మీద నిలిచిన గుడి అని అందరూ చెప్తారు. మీరు చూడాల్సినవి మాత్రం ఇవి. బయటి చూరు కింద స్తంభాల నుంచి ముందుకు వంగి నిలబడ్డ నల్లరాతి మదనికలు, అద్దంలా నున్నగా, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా మొహం కనిపించేంత మెరుపు. అందులో ఒకామె కాళ్లకు ఎత్తుమడమ చెప్పుల్లాంటివి ఉంటాయి, గైడు చూపించకపోతే దాటిపోతాం. లోపలి స్తంభాల మీద పేరిణి నాట్య భంగిమలు ఉన్నాయి, నటరాజ రామకృష్ణ గారు ఆ నాట్యాన్ని మళ్లీ బతికించింది ఈ శిల్పాలు చూసే. పైన విమానానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, కింద పునాదికి ఇసుక నింపిన గొయ్యి, ఈ రెండూ కలిసి గుడిని నిలబెట్టాయని ఇంజినీర్ల మాట. నేల అక్కడక్కడా కుంగి అలలుగా ఉంటుంది, నడిచేటప్పుడు కాళ్లకే తెలుస్తుంది. వేలితో తడితే స్వరం పలికే శిల్పం ఒకటుంది, దయచేసి తట్టకండి, రోజూ వందలమంది తట్టి తట్టి అరిగిపోతోంది.

పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడ ఉండటానికి ప్రయత్నించండి. పదకొండు తర్వాత స్కూలు బస్సులు వస్తాయి. చూసుకుని లక్నవరం చెరువుకి వెళ్లి వేలాడే వంతెన మీద నడిచి, అక్కడే భోజనం చేసుకోవచ్చు. టూరిజం వాళ్ల కాటేజీలు ఉన్నాయి కానీ వారాంతానికి చాలా ముందే అయిపోతాయి. ఇంకా ముందుకెళ్తే తాడ్వాయి, మేడారం. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ మాసంలో నాలుగు రోజులు జరుగుతుంది, కోటికి పైగా జనం, బెల్లాన్ని బంగారమంటారు, నిలువెత్తు బంగారం తూకం వేసి ఇస్తారు. ఆ వారంలో రామప్ప, లక్నవరం ప్లాన్ చేయకండి, దారులన్నీ జాతర బళ్లకే. మామూలు రోజుల్లో వెళితే గద్దెలు, చింతచెట్లు, నిశ్శబ్దం. నాకైతే ఆ రెండో మేడారం కూడా ఇష్టమే.

వానాకాలమైతే ఏటూరునాగారం దాటి ముళ్లకట్ట వంతెన మీద గోదావరిని చూసుకుంటూ వాజేడు మండలంలోని బొగత జలపాతానికి వెళ్లొచ్చు. తెలంగాణ నయాగరా అంటారు, ఆ పోలిక సంగతేమోగానీ ఆగస్టులో ఎర్రటి నీళ్లు వెడల్పుగా దూకడం చూసి తీరాల్సిందే. ఇక్కడ ఒక హెచ్చరిక సీరియస్‌గా తీసుకోండి. ఆ చుట్టుపక్కల అడవిలో ముత్యంధార లాంటి జలపాతాలు ఇంకా ఉన్నాయి, వాటికి దారి వాగుల మీదుగా. 2023 జూలైలో ముత్యంధారకి వెళ్లిన పదుల మంది తిరిగొచ్చేసరికి వాగు పొంగి, రాత్రంతా అడవిలోనే చిక్కుకుపోయారు, విపత్తు దళాలు వెళ్లి బయటకు తేవాల్సి వచ్చింది. వాగు దాటి వెళ్లే జలపాతానికి, ఆకాశం నల్లగా ఉన్న రోజున వెళ్లకూడదు, అటవీశాఖ వాళ్లు ఆపితే వాదించకూడదు.

ఉత్తరం వైపు

ఆదిలాబాద్ హైవే మీద కుంతాల కోసం ఒక్కరోజులో వెళ్లొచ్చేవాళ్లున్నారు. పోను దాదాపు 260 కిలోమీటర్లు, రాను అంతే. చేయొద్దు. నిర్మల్‌లో రాత్రి ఉండండి. నిర్మల్ బొమ్మలు పొనికి చెక్కతో చేస్తారు, తయారుచేసే చోటికే వెళ్లి పండ్ల సెట్టో, పక్షులో కొనుక్కుంటే పట్నంలో కన్నా ఎంపిక ఎక్కువ. మర్నాడు పొద్దున నేరడిగొండ దగ్గర లోపలికి తిరిగితే కుంతాల, కడెం వాగు దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దూకుతుంది. కింది వరకూ దిగాలంటే వందల మెట్లు, దిగడం సులువు, ఎక్కడమే కథ. నీళ్ల కింద సుడిగుండాలున్నాయి, ఈత వచ్చినవాళ్లే ఎక్కువగా పోతుంటారు, కాబట్టి స్నానం ఆలోచన మానుకోండి. పొచ్చెర జలపాతం అంత ఎత్తుండదు కానీ వెడల్పు ఎక్కువ, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు చేరడం సులువు.

ఇంకో రోజు ఉంటే ఉట్నూరు, కెరమెరి ఘాట్ మీదుగా జోడేఘాట్. కొమరం భీమ్ 1940లో నిజాం పోలీసుల తూటాలకు ప్రాణమిచ్చిన చోటు, ఇప్పుడు అక్కడ స్మారకం, గోండుల జీవితాన్ని చూపించే మ్యూజియం ఉన్నాయి. ఆ ఘాట్ రోడ్డు సెప్టెంబర్‌లో ఎంత పచ్చగా ఉంటుందంటే తెలంగాణ అంటే బండరాళ్లే అనుకునేవాళ్లు నోరు మూసుకుంటారు. పుష్య అమావాస్యకి ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశస్తులు గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చి పూజ మొదలుపెడతారు. వెళితే చూడండి, వాళ్ల పూజల్లోకి కెమెరా దూర్చకండి. దారి దూరం, మంచి హోటళ్లు తక్కువ, తాగునీళ్లు, టిఫిన్ వెంట పెట్టుకోవడం మంచిది.

బాసర ఇదే దిక్కు అయినా నిర్మల్ నుంచి పక్కకు పోవాలి. పిల్లలకు అక్షరాభ్యాసం ఉంటేనే వెళ్లండి. రైలు స్టేషన్ ఊళ్లోనే ఉంది, సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా వెళ్లే బళ్లు ఆగుతాయి, కారు కన్నా అదే నయం. వసంత పంచమి రోజు మాత్రం ఊరంతా పలకలూ, ఏడుస్తున్న పిల్లలే.

వెనక్కి వచ్చేటప్పుడు రామాయంపేట దగ్గర పక్కకు తిరిగితే మెదక్ చర్చి. కరువు రోజుల్లో జనానికి పని చూపించి తిండి పెట్టడం కోసం చార్లెస్ పాస్నెట్ అనే పాస్టర్ మొదలుపెట్టించిన కట్టడం, పదేళ్లు పట్టి 1924 క్రిస్మస్ రోజున తెరిచారు. రంగుటద్దాల కిటికీల్లోంచి ఎండ పడేటప్పుడు, అంటే పగలే వెళ్లాలి. సాయంత్రం చేరితే బయటి గోపురం చూసి వచ్చేయాల్సిందే. అక్కడికి దగ్గర్లోనే మంజీర ఏడు పాయలుగా చీలే చోట ఏడుపాయల వనదుర్గ గుడి.

కరీంనగర్ వైపు మామూలుగా మొక్కుల కోసమే వెళ్తారు, కొండగట్టు అంజన్న, వేములవాడ రాజన్న, ధర్మపురి నరసింహస్వామి. వేములవాడలో కోడె మొక్కు, అంటే కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేయడం, చూడనివాళ్లకు కొత్తగా ఉంటుంది. సోమవారం వద్దు. ఊరికే చూడ్డానికి వెళ్లేవాళ్లకు మానేరు పక్కన ఎల్గందుల కోట బాగుంటుంది, అక్కడ మీరూ మేకలూ తప్ప ఎవరూ ఉండరు. ఇంకా పైకి పోతే కాళేశ్వరం, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. అంత దూరం వెళ్లే ఓపిక ఉంటే దాన్ని కరీంనగర్‌తో కాకుండా వరంగల్, రామప్పలతో కలపండి, దారి బాగా కుదురుతుంది.

భద్రాచలం

రైల్లో వెళ్లండి. భద్రాచలం రోడ్ అని టికెట్ మీద ఉంటుంది కానీ ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, అక్కణ్నుంచి ఇంకో 40 కిలోమీటర్లు బస్సులోనో ఆటోలోనో పోవాలి. ఇది తెలియక రాత్రి దిగి బిక్కమొహం వేసేవాళ్లు ఎంతోమంది. రాత్రి బండెక్కితే తెల్లవారి దిగుతారు, పొద్దుటి దర్శనానికి సరిపోతుంది. తానీషా కాలంలో పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, అంటే రామదాసు, ప్రభుత్వ సొమ్ముతో కట్టించి గోల్కొండ జైలుకు పోయిన గుడి, ఇప్పుడు శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు ప్రభుత్వమే పంపుతుంది. కల్యాణం టికెట్లు ముందే ఆన్‌లైన్లో పెడతారు, రూములు అంతకన్నా ముందే అయిపోతాయి. టీవీలో చూసి మామూలు రోజుల్లో వెళ్లడమే సుఖమని నా అభిప్రాయం.

పర్ణశాల 35 కిలోమీటర్లు, ఒక పూట పని. పాపికొండల బోటు ఇక్కణ్నుంచి బుక్ చేస్తారు, ఎక్కేది మాత్రం అవతల ఆంధ్రప్రదేశ్ వైపు పోచవరంలో. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత నియమాలు బిగించారు, గోదావరికి వరద ఉంటే బోట్లు ఆపేస్తారు. కాబట్టి నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి, ఎక్కాక లైఫ్ జాకెట్ వేడిగా ఉందని విప్పేయకండి.

సాగర్ రోడ్డు

నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 26 గేట్లు. అవి ఎత్తినప్పుడు చూడాలని అందరికీ ఉంటుంది, పైన శ్రీశైలం నుంచి వరద వచ్చే ఆగస్టు, సెప్టెంబర్లలో ఎత్తుతారు, గేట్లెత్తారని టీవీలో రాగానే వచ్చే ఆదివారం హైదరాబాద్ మొత్తం ఆ రోడ్డు మీదే ఉంటుంది. మంగళవారం వెళ్లండి, నీళ్లు అవే. తెలంగాణ ఒడ్డున 2022లో తెరిచిన బుద్ధవనం ఉంది. అసలు చూడాల్సింది మాత్రం జలాశయం మధ్యలోని నాగార్జునకొండ. డ్యాం కడితే మునిగిపోయే లోయలోని ఇక్ష్వాకుల నాటి బౌద్ధ శిథిలాలను తవ్వి, ఎత్తి, ఈ దీవి మీద మళ్లీ పేర్చారు. లాంచీలో పోవాలి, మ్యూజియం శుక్రవారం సెలవు, జనం చాలకపోతే లాంచీ కదలదు, అందుకని పొద్దున మొదటి దానికే చేరండి. ఎత్తిపోతల జలపాతం ఆంధ్రా వైపు ఉంది, దగ్గరే.

వచ్చేటప్పుడు నల్గొండ మీదుగా వచ్చి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో ఆగండి. గర్భగుడిలో లింగం మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా పడి ఉంటుంది, ఏ స్తంభానిదో చూస్తే తెలియదు. లోపలికి వెళ్లి మనిషి అడ్డుగా నిలబడి పరీక్షించేవాళ్లు చాలామంది, మీరూ నిలబడతారు.

దక్షిణం వైపు రెండు దారులు

కర్నూలు హైవే మీద మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి, మూడెకరాల దాకా పాకిన ముసలి మర్రి. చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే 2018లో మనుషులకు పెట్టినట్టు సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించారు, ఇప్పుడు చుట్టూ కంచె, ఊడలు పట్టుకుని ఊగే రోజులు పోయాయి. జూరాల డ్యాం దగ్గర చేపల వేపుడు తినకుండా దాటకండి. గద్వాలలో చీరలు.

ఈ దారి చివర అలంపూర్ ఉంది, హైదరాబాద్ వాళ్లలో దీన్ని చూసినవాళ్లు చాలా తక్కువ, ఎందుకో నాకు అర్థం కాదు. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టిన తొమ్మిది గుళ్లు, నవబ్రహ్మ ఆలయాలంటారు, తొమ్మిదింట్లోనూ ఉన్నది శివుడే. మన వైపు గుళ్లలా కాకుండా శిఖరాలు ఉత్తరాది తీరులో వంపు తిరిగి ఉంటాయి. విశ్వబ్రహ్మ గుడి గోడల మీది చెక్కడాలకు ఎక్కువ సేపు ఇవ్వండి. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ గుడి ఆ ఆవరణలోనే. శ్రీశైలం డ్యాం నీళ్లలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడే కట్టారు. హైవే మీద అలంపూర్ చౌరస్తాలో దిగి లోపలికి ఆటోలో వెళ్లాలి, రాత్రి ఉండటానికి కర్నూలు మేలు.

రెండో దారి శ్రీశైలం రోడ్డు, నల్లమల మీదుగా. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఫర్హాబాద్ దగ్గర సఫారీ ఉంటుంది, పులి కనిపిస్తుందని పిల్లలకు మాటివ్వకండి, జింకలు, నెమళ్లు, లోయ దృశ్యం మాత్రం గ్యారంటీ. వటవర్లపల్లి దగ్గర లోపలికి పోతే మల్లెల తీర్థం, చాలా మెట్లు దిగాలి, వేసవిలో నీళ్లు సన్నగా జారతాయి. కొల్లాపూర్ వైపు సోమశిల దగ్గర కృష్ణ మీద బోట్లు, కాటేజీలు ఉన్నాయి, నీళ్లు నిండుగా ఉండే అక్టోబర్, నవంబర్లలో దానికో వారాంతం పెట్టొచ్చు. కోతులకు తిండి వేయడానికి బండి ఆపకండి, రోడ్డు మీదికి వచ్చి చచ్చేది అవే.

బస్సుల సంగతి. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి, దక్షిణం వైపు ఎంజీబీఎస్ నుంచి, వరంగల్, యాదగిరిగుట్ట వైపు ఉప్పల్‌లో కూడా ఎక్కొచ్చు. తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డున్న ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఒరిజినల్ కార్డు దగ్గరుంచుకోండి. ఆ బస్సుల్లో సీటు దొరకడం వేరే విషయం. రామప్ప, బొగత, జోడేఘాట్ లాంటి చోట్లకు మాత్రం జిల్లా కేంద్రం దాకా బస్సులోనో రైల్లోనో వెళ్లి అక్కడ రోజుకి కారు మాట్లాడుకోవడమే తేలిక.

శ్రీశైలం రోడ్డులో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, అడవి భాగాన్ని రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. శ్రీశైలంలో దర్శనం ఆలస్యమైతే ఏడున్నర దాటాక బయల్దేరకండి, ఘాట్ దిగి వంతెన దాటి దోమలపెంట చేరేసరికి గేటు పడితే కార్లోనే తెల్లవారుతుంది. ఆ రాత్రికి అక్కడే సత్రంలో రూము తీసుకుని పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉంటే, అడవి దాటేటప్పుడు జింకలు కూడా కనిపిస్తాయి.